పెళ్ళిచూపుల్లో ఎర్రబడ్డ ఫిల్టరు

నేను ఒక ఏసీ ఫిల్టరును. పేరు చెప్పినా మీకు నా ముఖం గుర్తు రాదని తెలుసు. మీరు ఏసీని చూస్తారు, రిమోటును చూస్తారు, అది చూపించే అంకెను చూసి మురిసిపోతారు. మూత వెనక నిలబడ్డ నన్ను చూసేవాళ్ళు తక్కువ. సన్నటి ప్లాస్టిక్ వల, దాని చుట్టూ ఒక చట్రం, అంతే నేను. ఏసీ గదిలోని గాలిని లోపలికి పీల్చుకుంటుంటే అందులోని దుమ్మును పట్టి ఆపడం నా ఉద్యోగం.

ఫ్యాక్టరీలో అచ్చులోంచి ఊడిపడినప్పుడు మా అందరిదీ ఒకటే రూపు. ఎవరికి ఏ ఇల్లు రాసిపెట్టి ఉందన్నదే తేడా. నాతోటివాళ్ళలో ఎవడో ఒకడు పూలకొట్టు వాళ్ళింటికి వెళ్ళే ఉంటాడు. నేను గుంటూరులో మిర్చి వ్యాపారి ఇంటికి వచ్చాను.

ఆయన పేరు నాగభూషణం. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. భార్య సీతామహాలక్ష్మి ఎండలకు తట్టుకోలేకపోతోందని ముచ్చటపడి ఏసీ కొన్నారు. గాలి కడిగిన ముత్యంలా ఉంటుందని కొట్టువాడు చెప్పాడట. ఆ మాటను ఈయన మనసా వాచా నమ్మారు. చల్లదనం చీమ దూరేంత సందులోంచి కూడా బయటికి పోకూడదని కిటికీ రెక్కల చుట్టూ టేపు అంటించారు. ఇక ఆ కిటికీ తెరుచుకోలేదు.

ఏసీ బయటి నుంచి కొత్త గాలి తెస్తుందని ఆయన అనుకున్నారు. అది గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. గదిలో మల్లెపూలుంటే మల్లెల గాలి, మిరపకాయలుంటే మిరపకాయల గాలి.

పడగ్గదిలో మిరపకాయలేమిటని అడుగుతారేమో. కాయ రంగు చెడకుండా ఉండాలంటే చల్లగా ఉంచాలని వ్యాపారికి వేరే చెప్పాలా? ఏసీ వచ్చిన వారానికల్లా మచ్చు కాయల సంచులు ఒక్కొక్కటే మంచం కిందికి చేరాయి. దానికి తోడు ఆయన యార్డు నుంచి వచ్చీ రాగానే చొక్కా విప్పి, నాకెదురుగా ఉన్న కొక్కేనికి తగిలించి, ఒక్క దులుపు దులిపేవారు. ఆ దులుపుకు లేచిన ఘాటంతా నా మీదికే. నేను పట్టినంత పట్టాను. నాలో పట్టనిది మళ్ళీ గదిలోకి వెళ్ళింది. రోజులు గడిచేకొద్దీ నా ఒళ్ళంతా ఎర్రటి కంబళి కప్పినట్టయింది. గది సరిగ్గా చల్లబడటం మానేసింది. ఆయన మాత్రం రిమోటు మీద అంకె తగ్గిస్తూ పోయారు.

సీతామహాలక్ష్మి గారికి దగ్గు మొదలైంది. దగ్గు కాస్తా ఆయాసమైంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఇంట్లో దుమ్ముందా అని.

"దుమ్మా! మాకు ఏసీ ఉందండీ" అన్నారట నాగభూషణం గారు, కించపడి.

ఇంటికొచ్చి ఆయనే తీర్పు చెప్పారు. "నీకు చల్లదనం పడదే సీతా. నువ్వు హాల్లో పడుకో."

ఆమె కోసం కొన్న ఏసీ కింద ఆయన నిద్రపోయారు. ఆమె హాల్లో చాప వేసుకుంది. గోడ అవతల నుంచి ఆ దగ్గు నాకు వినిపిస్తూనే ఉండేది. వినబడి ఏం లాభం? నాకు నోరు లేదు, ఉన్న కన్నాలన్నీ మిరపపొడితో పూడిపోయాయి.

వాళ్ళకు ఒక్కతే కూతురు, నీరజ. ఒంగోలులో కాలేజీ లెక్చరరు. ఆమెకు చీరాల నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి సాకేత్, బట్టల వ్యాపారం. ఆ ఇంట్లో మాట చెల్లేది నాయనమ్మ రాఘవమ్మ గారికని, ఆవిడకు శకునాల పట్టింపు ఎక్కువని ముందే కబురొచ్చింది.

పెళ్ళిచూపుల నాడు ఎండ నిప్పులు చెరుగుతోంది. హాల్లో ఫ్యానుకు వేడిగాలే. నాగభూషణం గారు గర్వంగా అందరినీ ఏసీ గదిలోకి తీసుకొచ్చి, తలుపు వేసి, రిమోటు నొక్కారు.

"ఇంక శుభమా అని మాట్లాడుకుందాం" అన్నారు రాఘవమ్మ గారు.

సాకేత్ తుమ్మాడు.

"ఒంటి తుమ్ము! లేవండి, పోదాం." ఆవిడ మంచం దిగబోయారు. అంతలో సాకేత్ తల్లి తుమ్మింది. "సరే, జంట తుమ్ము. దోషం లేదు, కూర్చోండి." ఆవిడ సర్దుకునే లోపు నాగభూషణం గారే తుమ్మారు. "మళ్ళీ బేసి!" అని ఆవిడ లేచారు. లేస్తూ తానే తుమ్మారు. సరి అయినందుకు కూర్చోవాలో, తుమ్మింది తానే కనక లేవాలో తెలియక మధ్యలో వంగి ఆగిపోయారు. ఆపైన అందరూ కలిసి అందుకున్నారు. ఎవరి తుమ్ము ఎవరిదో లెక్క దొరకలేదు.

"చల్లదనం కొత్త కదండీ, అలాగే ఉంటది" అంటూ నాగభూషణం గారు అంకె ఇంకా తగ్గించారు.

అప్పుడే సీతామహాలక్ష్మి గారు మిఠాయిల పళ్ళెంతో లోపలికి వచ్చారు. అడుగు పెట్టగానే దగ్గు పట్టుకుంది. పళ్ళెం జారింది. మైసూరుపాకులు మంచం కిందికి దొర్లాయి. ఆమె ద్వారబంధం పట్టుకుని ఊపిరి కోసం పెనుగులాడుతుంటే తుమ్ములన్నీ ఆగిపోయాయి. ఎవరికీ నవ్వు రాలేదు.

వెనకే వచ్చిన నీరజ తల్లిని పట్టుకుంది. "నాన్నా! అమ్మను బయటికి తీసుకుపొండి. గాలి తగిలేచోట కూర్చోబెట్టి డాక్టరిచ్చిన మందు పీల్పించండి. ముందు కదలండి!"

ఆయన కదిలారు. నీరజ కిటికీ టేపును పరపరా చీల్చి రెక్కలు బార్లా తీసింది. దొర్లిన మిఠాయి కోసం వంగిన సాకేత్ మంచం కింద నుంచి ఒక సంచి లాగి, "ఇవి మిరపకాయలండీ!" అని అరిచాడు. నీరజ తలెత్తి చూసింది. ఏసీ మూతి అంచున ఎర్రటి గీత. పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని మంచమెక్కి, మూత తెరిచి, నన్ను బయటికి లాగింది. నా కంబళి ఊడి ఆమె చీర మీద పడింది.

"అయ్యయ్యో, పెళ్ళికూతురు మంచమెక్కిందిరా!" అన్నారు రాఘవమ్మ గారు. తర్వాత నన్ను చూశారు, సంచి చూశారు, ముక్కు తుడుచుకున్నారు. "ఇది శకునం కాదర్రా, కారం" అని, పొట్ట పట్టుకుని నవ్వారు.

నీరజ నన్ను పెరట్లో కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. పైపు పట్టుకుంటానని సాకేత్ వెంట వచ్చాడు. నీళ్ళు ఎర్రగా పారాయి.

"చేత్తో కళ్ళు రుద్దుకోకండి" అంది నీరజ.

"ఆలస్యంగా చెప్పారు" అన్నాడతను, కళ్ళు మూసుకుని గెంతుతూ.

ఆమె పైపు లాక్కుని అతని ముఖం మీద నీళ్ళు కొట్టింది. అతను కాస్త తేరుకున్నాక నెమ్మదిగా చెప్పింది. "మా అమ్మ సంగతి తేలేదాకా నేను పెళ్ళి గురించి ఆలోచించలేనండీ. మీకు కోపం రావచ్చు."

"కోపం ఎందుకండీ? మా నాయనమ్మ మంచం పక్కనే మేం బట్టల బేళ్ళు పేర్చాం. ఇప్పుడే గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి ముందు అవి తీయించాలి."

ఆమె మొదటిసారి అతన్ని సరిగ్గా చూసింది. ఎర్రబడి ఉబ్బిన కళ్ళు, తడిసి అంటుకున్న చొక్కా. ఆ క్షణాన అతనంత అందవికారమైన పెళ్ళికొడుకు జిల్లాలో ఉండడు. అయినా ఆమె నవ్వింది.

హాల్లో సీతామహాలక్ష్మి గారికి ఊపిరి కుదుటపడింది. నాగభూషణం గారు ఆమె పక్కన చాప మీద కూర్చుని ఉన్నారు.

"నీకు చల్లదనం పడదనుకున్నానే."

"నేనెప్పుడన్నాను? మీరే అన్నారు" అందామె.

ఆ సాయంత్రమే ఆయన సంచులన్నీ తన భుజం మీద మోసి గోదాముకు చేర్చారు. యార్డు నుంచి వస్తే పెరటి వాకిట్లోనే స్నానం, వేరే బట్టలు. పొద్దున్నే కిటికీలు తెరవడం. నన్ను కడగడం ఆయన పని. మందులూ సాగాయి. దగ్గు ఒక్కరోజులో పోలేదు, మెల్లగా సన్నగిల్లింది. సీతామహాలక్ష్మి గారు చాప చుట్టేసి గదిలోకి తిరిగి వచ్చిన తర్వాతే నీరజ, సాకేత్‌తో తన పెళ్ళికి ముహూర్తం పెట్టించింది.

నాగభూషణం గారి భక్తి నాకు మితిమీరింది. బట్టల బ్రష్షుతో తోమితోమి నా వల చింపేశారు. కొత్త ఫిల్టరు వచ్చింది. నన్ను పాతసామాన్ల వాడికి వేయబోతుంటే సీతామహాలక్ష్మి గారు అడ్డుపడ్డారు. చిరుగు కుట్టి, మేడ మీద గుమ్మడి వడియాలకు ఈగలు ముసరకుండా నన్ను కప్పారు. ఇప్పుడు నా మీద గాలి ఊరికే వచ్చి ఊరికే పోతుంది.

నిన్న ఆవిడ వడియాలు తిప్పుతుంటే కింద వాకిట్లోంచి నాగభూషణం గారు కేకేశారు. "సీతా! నన్ను సాయం రమ్మంటావా?"

"యార్డు బట్టలతో మెట్లెక్కారంటే చూడండి! ముందు స్నానం చెయ్యండి, తలక్కూడా పోసుకోండి, ఆ తువ్వాలు విడిగా నానబెట్టండి, అప్పుడు రండి!"

ఆ కేక వీధి చివరిదాకా వినిపించింది. మధ్యలో ఎక్కడా దగ్గు లేదు.