ఆరు గంటల పప్పు

పొద్దున ఆరింటికి మాత్ర మింగించి, అరగంట ఆగి రాగిజావ తాగించి, అలివేలమ్మ కందిపప్పు డబ్బాకు తాళం వేసింది. తాళంచెవిని కొంగున ముడేసుకుంది. గద్వాల నేత ఇళ్లలో జరీకి తాళం వేస్తారు. పప్పుకు వేసిన ఇల్లాలు తనొక్కతే.

మొగుడు వెంకట్రాములు వణుకుడు జబ్బుకు వనపర్తి డాక్టరమ్మ పార్కిన్సన్స్ అని పేరు చెప్పింది. పగలు పప్పు, గుడ్డు, పల్లీలు తింటే మాత్ర సరిగా పట్టదట. అవన్నీ సాయంత్రం ఆరు తర్వాతే. మింగడం కష్టమవుతోంది కాబట్టి ఏదైనా మెత్తగానే పెట్టాలి. అడ్డంపడితే ముందుకు వంచి రెక్కల నడుమ గట్టిగా చరచాలని చేసి చూపించింది. ముప్పై ఏళ్లుగా తన్నులు తినడమే తప్ప కొట్టి ఎరగని అలివేలమ్మకు నవ్వొచ్చింది. వెంకట్రాములు ఉరిమి చూశాడు.

తొమ్మిదింటికి రెండో మాత్ర వేసి, పదింటికి అన్నంలో సొరకాయ కూర పిసికి పెట్టింది.

"ఏందే గిది? పప్పేది?"

"ఆరింటికి."

"కడుపు మాడ్చి ఎన్కటి పగ తీర్చుకుంటున్నవా?"

"పగే ఉంటే పప్పే పెడుదు. పొద్దుగూకెదాంక కొయ్యలెక్క కూసుంటుంటివి."

పళ్లెం ఆమె నుదుటికి తగిలి గోడకు కొట్టుకుంది. గురి తప్పలేదంటే మాత్ర బాగా పట్టినట్టే అనుకుంటూ ఆమె నెత్తురు తుడుచుకుంది. పళ్లేనికి ఇంకో సొట్ట.

నిజంగానే పట్టింది. మగ్గం గుంటలో దిగి రెండు గంటలు నేశాడు. చీర అంచు పోగు, ఒంటి పోగు కలిసే చోట అవతలి కొసన, అడ్డపోగును మోసుకొచ్చే నాడె అందుకోవడం ఆమె పని. పెళ్లయిన కొత్తలో ఆలస్యమైతే అదే నాడెతో వేళ్ల మీద కొట్టేవాడు. ఆ కణుపులు ఇప్పటికీ సాఫీగా లేవు. అయినా ఈ రెండు గంటలూ ఆ చెయ్యి మనిషి చెయ్యిలా ఉంటుంది. తాళం దానికోసమే.

"ఇంక మూరెడే," అన్నాడు. ముందూ వెనకా తిట్టు లేదు.

ఆ ఉత్సాహంలోనే ఆమె సాయంత్రం పప్పు అప్పుడే ఉడకేసి, మెత్తగా ఎనిపి, సొట్ట పళ్లెం మూతపెట్టి, ఆయనకు అందకుండా పై గూట్లో ఉంచింది. నూలు చుట్టిన కండెలు తేవడానికి పక్క వీధికి పోయింది.

వచ్చేసరికి వెంకట్రాములు గొంతు పట్టుకుని గుంట అంచున ఒరిగి ఉన్నాడు. నేలంతా వేయించిన పల్లీలు. పక్కింటి సరిత గోడకంటుకుపోయింది.

"ఆకలైతుందన్నడు పెద్దమ్మా. గుప్పెడే ఇచ్చిన."

అలివేలమ్మ ఆయన్ని ముందుకు వంచి రెక్కల నడుమ అరచేత్తో చరిచింది. ఒకటి. రెండు. వీపు ఖాళీ డబ్బాలా మోగింది. మూడో దెబ్బకు ఆమె నుదుటి గాయం చిట్లి, నెత్తురు ఆయన మెడ మీద పడింది.

"ముసలోన్ని సంపుతవా పెద్దమ్మా," అంటూ సరిత చెయ్యి పట్టి లాగింది. అలివేలమ్మ ఆమెను తలుపు మీదికి తోసేసింది.

"ఉమ్మెయ్యి. ఉమ్మెయ్యి జర."

నాలుగు. ఐదు. ఆ దెబ్బల్లో ఎంత ఆత్రమో, ఎంత ముప్పై ఏళ్లో ఆమెకే తెలియలేదు. ఏడో దెబ్బకు పల్లీ బద్ద ఒకటి నేల మీద పడింది. ఊపిరి మాత్రం రాలేదు.

ఆయన చెయ్యి ఆమె కొంగున ఉన్న తాళంచెవి ముడిని పట్టుకుంది. కాసేపు వణికింది. తర్వాత, ఏ మాత్రా లేకుండానే, కుదురుగా ఉండిపోయింది.

ఆరయ్యేసరికి వాకిలి నిండా జనం. గూట్లో, సరిగా అమరని సొట్ట పళ్లెం కింద, గిన్నెడు పప్పు.