పరదా తీయని రెండు రోజులు

వెర్నాకు ఆ ముసలాయన మీద మొదటి రోజే అనుమానం వచ్చింది. అంత ఎడారి ఖాళీగా పడి ఉంటే, ఏరికోరి ఆమె బండి కిటికీకి ఎదురుగా తన తెల్ల వ్యాను తెచ్చి ఆపుకున్నాడు. నీడ కోసమా అంటే, అరిజోనాలో ఆ దిక్కున మనిషి తలదాచుకునేంత చెట్టొక్కటీ లేదు.

సరే, వచ్చినవాడు తన పని తాను చూసుకోవచ్చు కదా. రోజూ పొద్దున్నే మడత కుర్చీ వేసుకుని, కాఫీ కప్పు మోకాలి మీద పెట్టుకుని, ఈమె కిటికీ వంకే చూస్తాడు. ఈమె ఎర్ర పరదా పక్కకు లాగగానే చేతి గడియారం చూసుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంటాడు. పలకరించడు, నవ్వడు. వెర్నాకు ఒళ్ళు మండేది.

మండటం ఒకటే అయితే సర్దుకునేదే, దానికి తోడు భయం. ఆ ప్రభుత్వ భూమిలో ఎవరైనా ఊరికే పద్నాలుగు రోజులు ఉండొచ్చు. పదిహేనో రోజు బండి కదలాలి. వెర్నా బండి కదలదు. గేరుబాక్సు పోయింది. సామాను గురువారానికి గానీ రాదని ఊళ్ళో మెకానిక్ చెప్పాడు. ఈలోగా ఆ భూమిని కాసే రేంజర్లకు తెలిస్తే బండిని గొలుసు కట్టి లాక్కుపోతారు. విడిపించుకునే శక్తి ఆమెకు లేదు. ఇరవై ఆరేళ్ళు బడి బస్సు నడిపిన మనిషికి మిగిలిన ఇల్లు ఆ బండే. ఒకప్పుడు అది లాండ్రీ బట్టలు మోసిన బండి. ఇంటాయన అద్దె మూడోసారి పెంచిన నెలలో దాన్ని కొని, తానే రంపం పట్టి మంచం, అల్మారా బిగించుకుంది. వర్షం పడితే లోపల ఇప్పటికీ సబ్బు వాసన వస్తుంది.

అనుమానపడటం ఆమెకు ఊరికే రాలేదు. కిందటేడు ఒక పట్నం వీధిలో బండి ఆపుకుంటే, రోజూ నవ్వుతూ చెయ్యి ఊపిన ఎదురింటావిడే ఫిర్యాదు చేసింది. పళ్ళు తోముకుంటూ తలుపు తీసేసరికి, బళ్ళు లాక్కుపోయే లారీ కొక్కేనికి ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. అప్పటినుంచీ నవ్వేవాళ్ళను నమ్మడం మానేసింది. ఇక నవ్వనివాళ్ళ సంగతి చెప్పాలా.

పక్క బండి రమోనా ఆ నిప్పులో నెయ్యి పోసింది.

"నిన్న మీ నంగనాచి ముసలాడు, రేంజరమ్మ బండి దగ్గర నిలబడి తెగ మాట్లాడుతున్నాడే," అంది, బీన్సు గిన్నె కలుపుతూ.

"ఏం మాట్లాడాడు?"

"నాకు వినపడి చస్తేగా. పుస్తకం మాత్రం తీసి చూపించాడు."

"నా రోజులు లెక్కపెడుతున్నాడే వాడు. నేను అనలా?"

"లేకపోతే నీ మీద మనసుపడ్డాడేమో. అరవై ఆరేళ్ళకి యోగం పట్టిందే నీకు."

"నీ మొహం. పళ్ళు కట్టించుకోడానికి పోతున్నావుగా, ఆ నోరు కూడా కుట్టించుకుని రా."

మరునాడు రమోనా సరిహద్దు దాటి మెక్సికో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయింది. రెండు రోజులదాకా రాదు. వెర్నా పడుకుని బాగా ఆలోచించింది. బళ్ళల్లో బతికేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. పరదా తీసి ఉంటే పలకరించవచ్చు. మూసి ఉంటే కొంపలంటుకున్నా తలుపు తట్టకూడదు. గోడల్లేనివాళ్ళకు అదే గోడ. కాబట్టి తాను పరదా తీయకపోతే సరి. ఆయన రాసుకోడానికి ఏమీ ఉండదు, మనిషి లేదనుకుని ఊరుకుంటాడు. తన తెలివికి తానే మురిసిపోయింది.

ఆ రోజంతా బయటికి రాలేదు. చల్లటి డబ్బా సూపు తాగి, పరదా అంచున సందు చేసుకుని చూస్తూ కూర్చుంది. ఆయన ఎప్పటిలాగే ఏడింటికి కుర్చీ వేశాడు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. పుస్తకం తెరిచాడు, మూశాడు. మధ్యాహ్నం ఎండలో కూడా కుర్చీ లోపల పెట్టలేదు. బాగా అయింది నీకు, అనుకుంది వెర్నా.

రెండో రోజు ఏడుంపావుకల్లా కుర్చీలోంచి లేచి తిన్నగా ఆమె బండి దగ్గరికే వచ్చాడు. మూసిన పరదా ఎదురుగా నిలబడి తలుపు తట్టాడు.

అంతకు తెగించాడంటే ఇక అనుమానమేముంది? వెర్నా ఊపిరి బిగబట్టింది.

"లోపల ఉన్నారా అండీ? ఒక్క మాట చెప్పండి చాలు."

ఒక్క మాట చెబితే దొరికిపోయినట్టే. చెప్పలేదు. ఆయన పిడి లాగి చూశాడు, బండి చుట్టూ తిరిగాడు, ముందు అద్దానికి ముఖం ఆనించాడు. తర్వాత పరుగులాంటి నడకతో తన వ్యాను ఎక్కి దుమ్ము లేపుకుంటూ పోయాడు. అరగంటలో వెనకాలే రేంజర్ల బండితో తిరిగొచ్చాడు.

అయిపోయిందనుకుంది వెర్నా. రేంజరమ్మ ఇనుప కడ్డీ తీసి తలుపు సందులో పెట్టబోతుండగా, ఆ తలుపూ పోతే ఎలాగని తానే తెరిచింది.

"ఏం, గొలుసు తెచ్చారా? కట్టుకుని పొండి. ఇల్లు లాక్కుపోవడానికి ఇంతమంది కావాలా?"

రేంజరమ్మ కడ్డీ దించింది. "అమ్మా, మీరు బాగానే ఉన్నారా?"

"నాకేం రోగం?"

అప్పుడు చూసింది వెర్నా, ముసలాయన వైపు. రేంజరమ్మ వెనక కంకర మీద చతికిలబడి, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"రెండు రోజులుగా మీ పరదా తీయలేదన్నారు ఈ ఆర్లో గారు," అంది రేంజరమ్మ. "కిందటి చలికాలం వాళ్ళ తమ్ముడు ఈ పక్క ఎండు వాగులోనే, తన బండిలో ఒంటరిగా చనిపోయాడు. పరదా మూసి ఉందని పదకొండు రోజులు ఎవరూ తలుపు తట్టలేదు. అప్పటినుంచీ ఒంటరిగా ఉండేవాళ్ళ కిటికీలు రోజూ చూసి రాసుకుంటారు."

వెర్నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా గండం గడవలేదు. రేంజరమ్మ ఇప్పుడు ఆమె ముఖం వదిలేసి చక్రాలకేసి చూస్తోంది.

"వచ్చి ఎన్ని రోజులైందమ్మా?"

పంతొమ్మిది. అబద్ధం ఆడదామంటే నాలుక తిరగలేదు.

ఆర్లో మెల్లగా లేచాడు. ముఖం తుడుచుకుని జేబులోంచి పుస్తకం తీశాడు. ఇన్నాళ్ళూ ఏ పుస్తకాన్ని చూసి వణికిందో అది ఇప్పుడు ఆమె కళ్ళముందే తెరుచుకుంది. ఆయన వేలు పెట్టి వరసలు లెక్కపెట్టాడు.

"ఎర్ర పరదా. నా పుస్తకంలో తొమ్మిది రోజులే ఉన్నాయి."

రేంజరమ్మ చక్రాన్ని ఇంకోసారి చూసింది, ఆయన్ని చూసింది. "తొమ్మిది అయితే ఇంకా ఐదు ఉన్నాయి. శనివారం పొద్దున్న వస్తాను," అని బండెక్కింది.

దుమ్ము సద్దుమణిగింది.

"నేను మీకంటే పది రోజులు ముందొచ్చాను," అంది వెర్నా చివరికి.

"తెలుసండీ. నేను వచ్చేసరికే మీ చక్రం కింద చీమలు పుట్ట పెట్టాయి."

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. దాన్ని కోపంలోకి తిప్పుకుంది. "అయినా, పరదా మూసి ఉంటే తలుపు కొట్టకూడదని తెలీదా మీకు?"

"తెలుసు."

"మరి కొట్టారే?"

"మళ్ళీ మూస్తే మళ్ళీ కొడతాను," అన్నాడు ఆర్లో.

వెర్నా పుస్తకమూ పెన్సిలూ ఆయన చేతిలోంచి లాక్కుంది. ఎర్ర పరదా అన్నది కొట్టేసి, పక్కన తన పేరు రాసింది.