విజిల్ నేర్చిన పోలిగాడు

ఇల్లందు బస్సు కండక్టరు అబూబకర్‌కు విజిలంటే పానం. పొద్దుమాపు మెడలనే ఏలాడుతుంటది. పొడుగ్గ ఒక్కసారి ఊదితే బస్సు ఆగాలె, కురచగ రెండుసార్లు ఊదితే కదలాలె. ఎవరు ఎంత మొత్తుకున్నా డ్రైవరు కోటేష్ ఎన్కకు తిరిగి చూడొద్దు.

"నోటితోని ఒర్రితే ఆగనీకె ఇదేమన్న ఎడ్లబండా? రూలంటే రూలే," అంటడు.

మొన్న గట్లనే అయింది. ఇప్పచెట్ల మూల కాడ మేకలు కాసే ముసలమ్మ ద్వాలి, నెత్తిన గంపతోని "ఆగు బిడ్డా, ఆగు!" అనుకుంట ఉరికొచ్చింది. చెయ్యి చాపితే బస్సు అందేటట్టే ఉన్నది. మావోడు రెండు ఊదిండు. బస్సు పోయింది, ముసల్ది దుమ్ముల నిలబడ్డది. అబ్బబ్బ, ఏం డ్యూటీ! అసొంటి డ్యూటీకి దండేసి దండం పెట్టాలె.

ఇగ ఆ మూల కాడనే అడవిల ఒక పోలిగాడు ఉన్నడు. మనిషి కాదు, పిట్ట. నల్లగ నిగనిగలాడుతది, తోకకు రెండు సన్నటి ఈకలు, వాటి కొసలకు కుచ్చులు. దానికి సొంత పాట ఉన్నదో లేదో గని, మందివి మాత్రం అన్నీ వచ్చు. డేగ లెక్క అరిచి కోళ్లను ఉరికిస్తది, పిల్లి లెక్క అరిచి కుక్కలను లేపుతది, కొమ్మ మీద కూసొని తమాషా చూస్తది. రోజూ ఇని ఇని అబూబకర్ విజిల్ కూడా పట్టేసింది.

ఆ రోజు అబూబకర్‌కు మనసు మనసుల లేదు. బిడ్డ ఫరహాది సాయంత్రం ఇల్లందు బడిల నాటకం. నిరుడు పోలే, ముందటేడూ పోలే. "ఈసారి రాకుంటే నీతోని మాట్లాడ, అబ్బా," అన్నది పొద్దుగాల. ఆ మాట గుండెల ముల్లు లెక్క ఉన్నది.

మూల కాడ బస్సు ఆగింది. ద్వాలి ఈసారి ముందే వచ్చి నిలబడ్డది, ఎక్కి కిటికీ పక్కన కూసున్నది. అబూబకర్ దిగి బోరింగు కాడ నీళ్లు తాగబోయిండు. దోసిలి నోటి దాకా వచ్చిందో లేదో, చెట్టు మీదికెల్లి రెండు విజిళ్లు!

కోటేష్ గేరేసిండు.

"ఆపురా! నేనింకా ఎక్కలే!" ఒర్రుకుంట ఉరికిండు అబూబకర్.

నోటితోని ఒర్రితే కోటేష్ ఎట్ల ఆపుతడు? రూలు గదా.

అబూబకర్ పొడుగ్గ ఊదిండు. బస్సు ఆగింది. పోలిగాడు రెండు ఊదిండు. బస్సు కదిలింది. ఈయన ఒకటి, ఆయన రెండు. లోపల తలకాయలన్నీ పోయి ముందటి సీట్లకు తగిలినయి.

"నీకేమన్న పిచ్చి లేసిందా కోటేషా?" అని ఒర్రిండ్రు లోపలోళ్లు.

"నాకేం ఎరుక! ఊదితే పోతున్న, ఊదితే ఆగుతున్న!"

ఉరికి ఉరికి అబూబకర్‌కు దమ్మొచ్చింది. ఊదుదామంటే విజిల్‌లకు గాలి పోతలేదు. బస్సు మలుపు కాడికి పోయింది. బడిల తలుపు దిక్కు చూసుకుంట నిలబడ్డ ఫరహా కండ్ల ముందు మెదిలింది, ఏడుపొచ్చింది ఆయనకు.

ద్వాలి కిటికీలకెల్లి తొంగి చూసింది. మొన్నటి దుమ్ము యాదికొచ్చింది. ఏమెరగనట్టు కూసుంటే కూసునేదే. గని రెండు ఏళ్లు నోట్ల పెట్టుకొని, మేకలను మళ్లేసే పొడుగు ఈల వేసింది, అడవంతా మోగేటట్టు.

బస్సు ఆగింది. పోలిగాడు ఈ రాగం ఎన్నడూ ఇనలే. మెడ వంచి, నోరు మూసుకొని ఇన్నడు.

అబూబకర్ తల దించుకొని ఎక్కిండు.

"ఎక్కు బిడ్డా, జల్దీ ఎక్కు," అన్నది ద్వాలి. "నోటితోని ఒర్రితే ఆగదంట గదా బస్సు."

ఆ సాయంత్రం ఫరహా స్టేజీ ఎక్కి మొదలు తలుపు దిక్కే చూసింది. అబ్బా ఉన్నడు, చెమటతోని, దుమ్ముతోని.

ఇగ పోలిగాడు కొత్త పాట నేర్చిండు. బస్సు మూల మలిగిందో లేదో, చెట్టు మీదికెల్లి ద్వాలి ఈల. కోటేష్ ఆపుతడు. చూస్తే బాట మీద పిట్టమనిషి ఉండడు.

"ఎవరూ లేరు భాయ్, పోదామా?"

అబూబకర్ మెడ బయటపెట్టి బాట పొడుగూతా చూస్తడు. దూరంగ గంప ఏదన్న కనపడుతదేమో అని.

"జర ఆగు. ఈల పడ్డది గదా," అంటడు. "రూలంటే రూలే."