మేస్త్రీ సుద్దగీత

ఆ వీధిలో ఆయన్ని అందరూ మేస్త్రీ అనేవారు. ఇళ్లు కట్టే మేస్త్రీ కాదు. చిరిగిన స్పీకరుకు కొత్త కోను అతికించి, కాలిపోయిన కాయిలు తీసి కొత్తది చుట్టి, మూగబోయినదాన్ని మళ్లీ పలికించే మేస్త్రీ. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని, అదే బల్ల, అదే స్టూలు. మాట పొదుపు మనిషి. రోజు మొత్తానికి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు "ఊఁ" అనడమే.

ఆయనకు పేరు తెచ్చింది చేతులు కాదు, చెవి. బాగుచేసిన స్పీకరును బల్ల మీద నిలబెట్టి, ఎప్పుడూ ఒకే వేణువు క్యాసెట్టు వేసి, కళ్లు మూసుకుని వినేవాడు. నచ్చకపోతే ఒక్క మాటైనా అనకుండా మళ్లీ విప్పేసేవాడు. నచ్చితే వెనకున్న మాగ్నెట్టు మీద సుద్దముక్కతో ఒక అడ్డగీత గీసేవాడు. ఆ గీత పడందే ఏ స్పీకరూ కొట్టు గడప దాటేది కాదు. మైకుసెట్లు అద్దెకిచ్చేవాళ్లు స్పీకరును బోర్లించి, గీత చూసుకున్నాకే బండెక్కించేవారు.

కొట్టు ఆయనదీ బావమరిదిదీ పొత్తు. బావ మాట్లాడని మాటలన్నీ బావమరిదే మాట్లాడేవాడు. "మా బావ చెవి దగ్గర చీమ తుమ్మిందనుకో, ఏ కాలి మీద నిలబడి తుమ్మిందో కూడా చెబుతాడు" అని వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. వాళ్లు నవ్వేవారు. మేస్త్రీ నవ్వేవాడు కాదు గాని, ఆ మాట ఆయనకు ఇష్టం.

కొన్నేళ్లుగా తన సుద్దగీత పక్కన పెన్సిలుతో పెట్టిన చిన్న చుక్క ఒకటి కనిపిస్తోంది. బావమరిది ఏదో గుర్తు కోసం పెట్టుకుంటున్నాడు కాబోలనుకున్నాడు. అడగలేదు. అడగడం ఆయన అలవాటు కాదు.

ఆయన చిన్నకూతురు పళ్ల డాక్టరు దగ్గర పనిచేసేది. వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, వరసలో పిలవడం. సాయంత్రం ఇంటికొచ్చాక కంప్యూటరు ముందు కూచుని ఆట ఆడేది. ఐదుగురు ఒక జట్టు, ఎవరింట్లో వాళ్లు కూచుని కలిసి ఆడతారు. తుపాకులు, పాడుబడ్డ ఇళ్లు, గోడల చాటున శత్రువులు. ఈడొచ్చిన పిల్లకి ఇదేం పిచ్చని ఆయన మొదట మొహం చిట్లించాడు. కాని ఒకరోజు ఆ పిల్ల అంది: "ఇది కళ్లతో ఆడే ఆట కాదు నాన్నా. చెవులతో ఆడేది. వాడు కనపడ్డాక కాల్చడం ఎవరైనా చేస్తారు. వాడి అడుగు చప్పుడు ముందే వినాలి. ఎటు నుంచి వస్తున్నాడు, పైనా కిందా, ఎంత దూరంలో ఉన్నాడు. మా జట్టులో వినేదాన్ని నేనే."

వినేదాన్ని నేనే అన్నమాట మేస్త్రీ మనసులో నాటుకుంది. నా పోలికే అనుకున్నాడు. ఆ రాత్రి అన్నం ఒక ముద్ద ఎక్కువ తిన్నాడు.

మూడు వారాల్లో ఆ పిల్లకి ఒక ఎంపిక ఆట ఉంది. పెద్ద జట్టువాళ్లు చూస్తారు, బాగా ఆడితే తీసుకుంటారు. ఈ అవకాశం కోసం రెండేళ్లుగా కాచుక్కూచుంది. చూస్తే తన హెడ్‌ఫోన్లలో ఒక పక్క సరిగా పలకదు. రెండో పక్క ఎప్పుడూ గుయ్యిమని రొద. పాటలు వినాలన్నా ఆ రొదే. కొత్తవి తెప్పించుకుంటానంటూ ఫోనులో బొమ్మలు చూస్తూ, ఎవరెవరో రాసిన అభిప్రాయాలు చదువుతూ కూచుంది.

మేస్త్రీ వెనక నుంచి చూశాడు. "చెవికి పెట్టుకునేదాన్ని కళ్లతో చూసి కొంటావా?" అన్నాడు. అది ఆయనకు పెద్ద ప్రసంగం కిందే లెక్క.

ముందు ఆ రొద సంగతి చూశాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటరు పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. రొద మారింది. చెయ్యి తీశాడు. మళ్లీ మొదటికొచ్చింది. జబ్బు హెడ్‌ఫోన్లది కాదు, పెట్టెలోనే ఉంది, ఆ ఫ్యాన్లూ తీగలూ పక్కపక్కనే పడుకుని ఒకదాని గోల ఒకదానికి అంటిస్తున్నాయి అన్నాడు. శబ్దాన్ని ఆ పెట్టెలోంచి బయటికి తెచ్చుకోవాలన్నాడు. అంటే బయట పెట్టుకునే సౌండు కార్డు కావాలని పిల్ల అర్థం చేసుకుంది. అక్కడి వరకు ఆయన మాటకు తిరుగు లేదు.

ఆదివారం పొద్దున్న తండ్రీకూతుళ్లు దుకాణానికి వెళ్లారు. అద్దాల దుకాణం. లోపల చల్లగా, మనుషులు పలచగా ఉన్నారు. అమ్మే ఆవిడ నల్లకోటు తొడుక్కుని ముందుకొచ్చింది. ముందు సౌండు కార్డులు చూపించింది. ఒకటి అరచేతంత ఉంది. తాకితే ఎర్ర దీపం, మళ్లీ తాకితే నీలం దీపం. మేస్త్రీ దాన్ని పక్కకు జరిపాడు. "దీపాలు వినపడవమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వి, ఏ సోకూ లేని నల్ల డబ్బా ఒకటి తీసింది. దానికి ఒక తీగ, తిప్పడానికి ఒక గుండీ. బరువైన హెడ్‌ఫోన్లను కూడా లాగి పలికించగలదా అని అడిగాడు. లాగుతుందంది. గుండీ సగం వరకు తిప్పి, పాట లేకుండా ఉత్తినే హెడ్‌ఫోన్లు చెవికి పెట్టుకుని విన్నాడు. రొద లేదు. అది ఖాయం చేశాడు. పిల్ల కూడా విని, "అమ్మయ్య" అంది. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ డబ్బా మంచి డబ్బా.

తరవాత హెడ్‌ఫోన్లు. నాలుగు రకాలు బల్ల మీద పరిచారు. పిల్ల ఒక్కొక్కటి పెట్టుకుని, మూడోది తీయకుండా చాలాసేపు ఉంచుకుంది. మెత్తగా ఉంది, ఎంతసేపైనా పెట్టుకోవచ్చు, అడుగులు విడివిడిగా తెలుస్తున్నాయి అంది. మేస్త్రీ దాన్ని అందుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన వెంట తెచ్చుకున్న వేణువు ముక్క ఫోనులోంచి మోగుతోంది. ఆయన మొహం మాడింది.

"దుప్పటి కప్పి వాయిస్తున్నట్టుంది" అన్నాడు.

నాలుగోది పెట్టుకున్నాడు. ఈసారి కళ్లు మూసుకున్న మొహం మెల్లగా విచ్చుకుంది. వేణువులో ఊపిరి తగిలే చోటు, పెదవి కదిలే చోటు, ఎన్నో ఏళ్ల తరవాత వినపడ్డాయి. ఎన్నో ఏళ్ల తరవాత ఎందుకు వినపడ్డాయో ఆయన ఆలోచించలేదు. వస్తువు మంచిదనుకున్నాడు. కళ్లు విప్పేసరికి వాటిలో తడి ఉంది.

పిల్ల నాలుగోది పెట్టుకుని ఒక్క క్షణం ఉంచి తీసేసింది. కొంచెం పదునుగా ఉంది కదా నాన్నా అని గొణిగింది. అమ్మే ఆవిడ కూడా, ఇవి కొందరికి చెవిలో గుచ్చుకుంటాయి, నచ్చకపోతే వారంలోగా మార్చుకోవచ్చు అని చెప్పింది. మేస్త్రీ జేబులోంచి సుద్దముక్క తీశాడు. నలుగురూ చూస్తుండగా ఆ అట్టపెట్టె వెనక అడ్డగీత గీశాడు. ఆ పిల్ల ఆ పెట్టెనే సంచిలో పెట్టించుకుంది.

వారం గడిచింది. ఎలా ఉన్నాయని ఆయన ఒకసారి అడిగాడు. బాగున్నాయి నాన్నా అంది. కొట్లో బావమరిదికి ఆ సంగతి చెప్పాడు. ఎప్పుడూ ఏదో ఒక మాట అంటించే బావమరిది, ఆ రోజు తలవంచుకుని తీగకు టంకం పెట్టుకుంటూ ఊరుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆ ఎంపిక ఆట జరిగింది. మేస్త్రీ కొట్టు తొందరగా కట్టేసి ఇంటికొచ్చేసరికి పిల్ల వంటింట్లో నిలబడి నీళ్లు తాగుతోంది. తీసుకోలేదంది. నెట్టు మధ్యలో తెగిందంది. ఆయన "ఊఁ" అన్నాడు. నెట్టు తన చేతి పని కాదు కదా అని లోపల కాస్త తేలికపడ్డాడు కూడా.

మరుసటి వారం చూస్తే ఆ పిల్ల పాత హెడ్‌ఫోన్లే పెట్టుకుని పాటలు వింటోంది. ఒక పక్క పలకనివి. కొత్తవి మేకుకు వేలాడుతున్నాయి. అడిగితే నీళ్లు నమిలింది. అప్పుడాయనకు అనుమానం వచ్చింది. అనుమానం తన మీద కాదు, వస్తువు మీద. లోపల ఏదో లోపం ఉండి ఉంటుంది, పిల్ల మొహమాటానికి చెప్పట్లేదు. పరీక్ష చెయ్యాలన్నాడు.

వద్దులే నాన్నా అంది. ఆయన కుర్చీ లాక్కుని కూచున్నాడు. చేసేది లేక ఆ పిల్ల ఒక పరీక్ష శబ్దం పెట్టింది. లావుపాటి గుర్రుతో మొదలై, సన్నబడుతూ సన్నబడుతూ ఈలలా పైకి పోయే శబ్దం. తెర మీద అంకెలు దానితోపాటే ఎక్కుతుంటాయి. మేస్త్రీ కొత్త హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వినపడినంతసేపూ వేలు పైకెత్తి ఉంచాడు. గుర్రు వినపడింది. హోరు వినపడింది. ఈల మొదలైంది. ఠక్కున ఆగిపోయింది.

"ఇదిగో, ఇక్కడ తెగిపోయింది" అన్నాడు సంతోషంగా. "వస్తువులో లోపం. నే చెప్పలా?"

తెర మీద అంకెలు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి. నువ్వే చూడమని తీసి ఆ పిల్ల చెవులకు తగిలించాడు. ఆ పిల్ల తేలు కుట్టినట్టు ఉలిక్కిపడి రెండు చేతులతో వాటిని లాగేసింది.

మేస్త్రీ పాతవి అందుకుని, పలికే పక్కను చెవికి ఆనించుకుని, మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. గుర్రు. హోరు. ఈల. అదే అంకె దగ్గర ఆగింది.

రెండు వేరువేరు వస్తువుల్లో శబ్దం ఒకే చోట తెగదు. రెండింటిలోనూ ఒకేలా తెగుతోందంటే, లోపం రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లో ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్లు లోపాలు వెతికిన మనిషికి ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆయన చెయ్యి దానంతటదే చెవి దాకా వెళ్లి, అక్కడ ఆగింది.

"ఆటలో ఏమైంది?" అన్నాడు.

ఆ పిల్ల దాచలేదు. రెండు ఆటలయ్యేసరికి తుపాకీ చప్పుళ్లకు తల పగిలిపోయిందట. మూడోదాంట్లో శబ్దం తగ్గించుకుంది. తగ్గిస్తే అడుగులు వినపడలేదు. వెనక నుంచి వచ్చారు. వినాల్సింది తనే కాబట్టి జట్టు మొత్తం పోయింది.

"వారంలోగా మార్చుకోవచ్చన్నారుగా. మార్చుకోలేదేం?"

"నువ్వు గీత గీశావుగా నాన్నా." ఆ పిల్ల హెడ్‌ఫోన్ల తీగను వేలికి చుట్టుకుంటూ అంది. "దుకాణంలో కళ్లు మూసుకున్నప్పుడు నీ మొహం చూశాను. ఇంక నాకు నోరు రాలేదు. మామయ్య కూడా నీ చెవి సంగతి నీకు చెప్పొద్దనే అన్నాడు."

"ఎప్పుడు?"

"నాలుగేళ్లయింది."

సోమవారం పొద్దున్నే మేస్త్రీ కొట్టు తాళం తీశాడు. లైటు వేసి, అరలో ఉన్న స్పీకర్లన్నీ ఒక్కొక్కటే దించి బోర్లించాడు. ప్రతి గీత పక్కనా పెన్సిలు చుక్క ఉంది. మొన్న శనివారం తను గీత గీసి వెళ్లిన రెండింటికి మాత్రం చుక్కలు లేవు. వాటి మీద బావమరిది ఇంకా చెయ్యి పెట్టలేదన్నమాట. సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు పెట్టిన పెట్టెలైతే, తను బిగించిన మరలు మళ్లీ విప్పి బిగించిన జాడలున్నాయి. మర తలలో స్క్రూడ్రైవరు గాటు కొత్తది తళతళలాడుతోంది. రోజూ కళ్ల ముందున్నవే. చెవితో వినేవాడికి కళ్లతో పనేమిటని ఎప్పుడూ చూడలేదు.

బావమరిది వచ్చేసరికి స్పీకర్లన్నీ నేల మీద బోర్లా పడి ఉన్నాయి. గడపలోనే ఆగిపోయాడు. జోకు వెయ్యబోయి మింగేశాడు. టీ తాగుదామా బావా అన్నాడు. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

"ఎన్ని?" అన్నాడు.

"మొదట్లో పదికి ఒకటి. ఇప్పుడు..." బావమరిది చెయ్యి గాలిలో తిప్పాడు. "ఇప్పుడు అన్నీ. నువ్వు అటు వెళ్లాక ఇటు విప్పుతాను. నువ్వు బాగుందన్నది వింటే చెవిలో సూదులు గుచ్చినట్టుంటుంది బావా. ఎలా చెప్పమంటావు? ఇరవై ఏళ్లు నీ చెవి గురించి వీధంతా డప్పు కొట్టింది నేనే కదా."

మేస్త్రీ జేబులోంచి సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఇవాళ్టి నుంచి నువ్వే గీసుకో అన్నట్టు దాన్ని అటువైపు జరిపాడు.

బావమరిది దాన్ని ముట్టుకోలేదు. వీధిలోంచి మైకుసెట్టు బండి వచ్చి ఆగిన చప్పుడైంది. ఆ చప్పుడు లావుది, మేస్త్రీకి బాగానే వినపడింది. బావమరిది గొంతు తగ్గించి, సుద్దముక్కను మళ్లీ ఇటువైపు తోశాడు.

"నా గీతను ఎవడు నమ్ముతాడు బావా? గీత నువ్వే గియ్యి. వినడం నేను వింటాను."

బండివాడు లోపలికొచ్చాడు. తన స్పీకర్లు అయ్యాయా అని అడిగాడు. బావమరిది విని చూడ్డానికి ఒకటి ఎత్తి బల్ల మీద పెట్టాడు. శనివారానిదే, చుక్క లేనిది. గీత మసకగా ఉందే అన్నాడు బండివాడు, బోర్లించి చూసి.

మేస్త్రీ కళ్లు మూసుకోలేదు. వేణువు పెట్టలేదు. సుద్దముక్క తీసుకుని, పాత గీత మీదే ఇంకోసారి గట్టిగా గీశాడు. బావమరిది ఏదో అనబోతే, మీ మేస్త్రీ గీశాక ఇంకేముంది అంటూ బండివాడు స్పీకరు భుజానికెత్తుకున్నాడు.

దాన్ని బావమరిది ఇంకా వినలేదు, అది ఎలా పలుకుతుందో కొట్లో ఇద్దరికీ తెలియదు. బండి వెళ్లిపోయింది. మేస్త్రీ వేళ్లకంటిన సుద్దను తువ్వాలుతో తుడుచుకుని, తరవాతి స్పీకరును దగ్గరికి లాక్కున్నాడు.