బానెట్ మీద చేపకళ్ళు

కారు మీది బరకం పైకెత్తగానే బానెట్ నిండా కళ్ళు తెరుచుకుని కనిపించాయి దత్తాత్రేయులుకి.

నిన్న చీకటి పడే వేళ కొట్టిన రంగు అది. ఆ మసక వెలుతురులో పాల మీద మీగడ కట్టినట్టే ఉంది. తెల్లవారి చూస్తే ఎక్కడ పడితే అక్కడ గుండ్రటి గుంటలు. కందిగింజంతవి కొన్ని, ఆవగింజంతవి కొన్ని. ఒక్కో గుంట అడుగునా బూడిదరంగు ప్రైమరు, కనుపాపలాగా. చెరువులో చచ్చి తేలిన చేపలన్నీ ఒక్కసారిగా తనకేసి చూస్తున్నట్టుంది. తుండుగుడ్డలో ముక్కు చీదాడు. చీమిడి కూడా మీగడరంగులోనే వచ్చింది. అది చూసి రోత పుట్టింది.

భార్య వెంకటసుబ్బలక్ష్మి కాఫీ గ్లాసుతో వచ్చి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"మళ్ళీనా అండీ?"

"ఊఁ."

"మూడోసారి. ఈసారి కూడా పాడైతే పాత ఇనుము వాడికి ఇచ్చేస్తానన్నది మీరే. నిన్న చారులో కూడా ఈ రంగు కంపే. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పకుండానే వెళ్ళిపోతున్నారు."

"ఇవాళ ఒక్కరోజు చూడనీ. సాయంత్రానికి తేలిపోతుంది."

"తేలకపోతే?"

"వాణ్ణి పిలిపించు. బండి నేనే తోసి ఇస్తాను."

అన్నాడు గానీ, అతని చెయ్యి బానెట్ అంచు వదల్లేదు. ఆ ఫియట్ తాడేపల్లిగూడెంలో ఒక మూతబడిన రైసుమిల్లు షెడ్డులో దొరికింది. సీట్ల మీద కోళ్ళు గుడ్లు పెట్టేవి. ఇంజను మీద ఎలుకలు కాపురం. పెంట గీకి, తుప్పు గీకి, సొట్టలకి లప్పం పెట్టి, ఫోనులో వీడియోలు చూస్తూ రంగు కొట్టడం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ముందు పాత నూనెడబ్బా రేకుల మీద, తర్వాత డోర్ల మీద. డోర్లు బాగానే వచ్చాయి. బానెట్ దగ్గరే ఏదో పట్టుకుంది.

యాభైయారేళ్ళ మనిషి. సన్నటి చేతులు, వంగిన మెడ, కళ్ళజోడు అద్దం మీద ఎప్పుడూ రంగు తుంపర. చిన్నప్పుడు తండ్రి మంత్రం చెబుతుంటే నాలుక మడతపడేది. ఏడుపొచ్చేది. వెనక కూర్చున్న తమ్ముడు వెంకటకృష్ణ గడగడా అప్పజెప్పేవాడు. అలా గుడి తమ్ముడికి వెళ్ళింది, దత్తాత్రేయులుకి ఆఫీసు మిగిలింది. ఆఫీసులో అతని పని ఫైళ్ళని ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి చేర్చడం. అందులో ఒక్క కాగితం కింద కూడా అతని సంతకం లేదు. ఇది తను చేశాను అని చెయ్యిపెట్టి చూపించడానికి ఈ బానెట్ తప్ప అతనికి ఇంకేమీ లేదు.

ఏలూరులో రంగుల షాపు ప్రసాదరావుకి ఫోన్ చేశాడు.

"మళ్ళీ ఫిష్ ఐ అండీ? చెప్పాను కదా, ఎక్కడో జిడ్డు తగులుతోంది," అన్నాడు ప్రసాదరావు. "రంగుకీ జిడ్డుకీ పడదండి. జిడ్డున్న చోటునుంచి రంగు తప్పుకుంటుంది, చేపకన్నులాగా గుంట పడుతుంది. అయినా కొల్లేటి గాలి పీల్చేవాళ్ళం, బళ్ళకి కూడా చేపకళ్ళు రాకపోతే ఎలాగండీ!" అని పకపకా నవ్వాడు.

దత్తాత్రేయులుకి నవ్వు రాలేదు. ఫోను పెట్టేసరికి వెంకటకృష్ణ పెరట్లో తీగ మీది బట్టలు తప్పించుకుంటూ వచ్చాడు. గుళ్ళో పొద్దుటి పూజ ముగించుకుని వచ్చినట్టున్నాడు. విభూతి రేఖలు ఇంకా ఆరలేదు.

"ఏమంటున్నాడు అన్నయ్యా?"

"జిడ్డట."

"రంగులవాళ్ళే చేపకళ్ళు అని నోరారా అంటున్నారు, ఇంకా దేనికోసం వెతుకుతావు? మన కొంపలో చేప ఎక్కడుందో నీకు తెలీదా?" అని, పెరటి చివర గదికేసి గడ్డంతో చూపించాడు.

ఆ గదిలో పేతురు అద్దెకుంటున్నాడు. ఆకివీడు నుంచి రాజమండ్రికి చేపల వ్యాను తోలతాడు. గది ఖాళీగా పడి ఉండటం ఇష్టం లేక సుబ్బలక్ష్మే ఇప్పించింది. వెంకటకృష్ణ ఆరోజు అన్నం మానేశాడు.

దత్తాత్రేయులు ఆలోచించాడు. వ్యాను ఆగేది గేటు పక్కనే. తడి, ఐసు నీళ్ళు, పొలుసు. గాలికి ఎగిరొస్తే? చేతులు అంటిస్తే? ఒక్కొక్కటీ అనుకున్నకొద్దీ నిజమనిపించింది. బానెట్ మీది గుంటలన్నీ తల ఊపుతున్నట్టనిపించింది. విసవిసా నడిచాడు.

పేతురు గది ముందు కూర్చుని బనీను ఉతుక్కుంటున్నాడు. లేచి నిలబడ్డాడు.

"ఏవండీ పంతులుగారూ?"

"నువ్వు నా బండి ముట్టుకున్నావా?"

"లేదండి. అటుకేసి రానే రానండి."

"సరుకు ఇంట్లోకి తెస్తున్నావా?"

"అయ్యో, ఎంత మాటండీ! మార్కెట్లో దించేసి, వ్యాను కడిగి, నేనూ అక్కడే స్నానం చేసి వస్తానండి. మీ ఇంట్లో ఉంటూ ఆ పని చేస్తానా?"

దత్తాత్రేయులు అప్పుడొక పని చేశాడు. తను చేస్తాననుకోలేదు. ముందుకి వంగి, పేతురు భుజం దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. సంతలో వంకాయ పుచ్చిందో లేదో చూసినట్టు. థిన్నరు పీల్చి పీల్చి ఆ ముక్కు ఎప్పుడో చచ్చింది. ఏమీ తెలియలేదు. ఏమీ తెలియకపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది.

పేతురు కదలకుండా నిలబడ్డాడు. అతని మెడ దగ్గర నరం ఒకటి కొట్టుకుంటోంది.

"గది కావాలంటే గది అడగండి పంతులుగారూ, ఇచ్చేస్తాను," అన్నాడు. "వాసన మాత్రం చూడకండి."

"అయితే ఇచ్చెయ్యి."

మధ్యాహ్నం భోజనాలయ్యేలోగా పేతురు వెళ్ళిపోయాడు. ఒక ట్రంకుపెట్టె, చాప, ప్లాస్టిక్ బకెట్టు. గది తుడిచి, తలుపు దగ్గరకి వేసి, తాళంచెవి సుబ్బలక్ష్మి చేతికిచ్చి, "ఉంటానమ్మా" అన్నాడట. వ్యాను కదిలిన చప్పుడు వినపడింది గానీ దత్తాత్రేయులు తల ఎత్తలేదు. ఉప్పుకాగితంతో బానెట్ రుద్దుతున్నాడు. తెల్లటి నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నాయి. వేళ్ళ చివర్లు నాని, తెల్లబడి, ముడతలు పడ్డాయి. అవి ఎవరివో శవం వేళ్ళలా కనిపించి, వాటినీ చూడలేకపోయాడు.

ఆరాక తీగ మీంచి పాత పంచె ముక్క తీసుకుని పొడి లేకుండా తుడిచాడు. రంగు చిమ్మే గన్ను పట్టుకున్నాడు. చెయ్యి వణక్కుండా, ఒక కొస నుంచి ఇంకో కొసకి, ఒక వరస మీద ఇంకో వరస సగం ఎక్కేటట్టు లాగాడు. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. రంగు తడితడిగా, ఒకే పొరగా పరుచుకుంది. ఊపిరి బిగబట్టి చూశాడు.

మధ్యలో ఒక చుక్క కదిలింది. రంగు దాన్నుంచి నాలుగువైపులకీ జరిగింది. ఒక కన్ను. పక్కనే ఇంకొకటి. చూస్తుండగానే బానెట్ అంతా కళ్ళు విప్పింది.

పేతురు లేడు. వ్యాను లేదు. చేప లేదు.

దత్తాత్రేయులు గన్ను కింద పెట్టాడు. బానెట్‌ని ముట్టుకున్నవి ఏమిటి? నీళ్ళు. కాగితం. తన చేతులు. ఇంకా... భుజం మీద పంచె ముక్క తీసి ఎండకేసి పట్టాడు. పకోడీలు కట్టిన కాగితంలా, మధ్యలోంచి అవతలి వెలుగు కనిపిస్తోంది. వేళ్ళతో నలిపితే జారింది.

వంటింట్లోకి వెళ్ళి భార్య ముందు పట్టాడు. "వాసన చూడు."

"ఛీ, ఏవిటండీ ఇది?"

"చూడమంటున్నానా?"

ఆవిడ చూసింది. మొహంలో చిరాకు పోయింది. "నువ్వుల నూనె. వత్తి మసి కూడా ఉంది. ఇది గుళ్ళో దీపం నూనె కదండీ! మన తీగ మీది గుడ్డకి ఎలా అంటింది?"

ఆ ఇంట్లో ఆ నూనె చేతులతో రోజూ పెరట్లోకి వచ్చే మనిషి ఒక్కడే ఉన్నాడు.

వెంకటకృష్ణ పేతురు గదిలో ఉన్నాడు. గిన్నెలో పసుపునీళ్ళు, మామిడాకు. మూలమూలా చల్లుతున్నాడు. తుడిచిన నేల మెరుస్తోంది. గోడకి మేకు కూడా లేదు. కిటికీలో మాత్రం ఒక సబ్బుబిళ్ళ మిగిలింది. అరిగి అరిగి తమలపాకంత పలచనైపోయింది.

దత్తాత్రేయులు గుడ్డ చాచి పట్టుకున్నాడు.

వెంకటకృష్ణ గుడ్డకేసి చూశాడు. గిన్నె నేల మీద పెట్టాడు.

"మొదటిసారి తెలియక తుడిచాను అన్నయ్యా. గుళ్ళో ప్రమిదలు సర్ది వచ్చాను, చేతులు జిడ్డుగా ఉన్నాయి, తీగ మీద మెత్తటి గుడ్డ కనిపించింది, తుడుచుకున్నాను. ఆ రంగు పాడై, నువ్వు ఫోనులో జిడ్డు అన్నప్పుడే నాకు అర్థమైంది. చెబుదామనే వచ్చాను. ఇంతలో నువ్వు 'చేపకళ్ళా?' అన్నావు. ఆ మాట విన్నాక చెప్పబుద్ధి కాలేదు. అప్పట్నుంచీ తెలిసే తుడిచాను. ఇవాళ పొద్దున్న కూడా. దేవుడి నూనే కదా, దోషం లేదనుకున్నాను. పేతురుని నేను పొమ్మంటే వదిన ఒప్పుకోదు, నువ్వు పొమ్మంటే పోతాడు. గుడికి వెళ్తుంటే రోజూ ఎదురొచ్చేవాడు, పక్కకి తప్పుకుని దణ్ణం పెట్టేవాడు. నేను మళ్ళీ వెనక్కొచ్చి కాళ్ళు కడుక్కుని వెళ్ళేవాణ్ణి. నీ దగ్గర అబద్ధం ఎందుకు? ఈ గదిలోంచి నాకు ఏనాడూ చేపల వాసన రాలేదు. సబ్బు వాసనే వచ్చేది."