ఎనిమిదో నంబరు ఇల్లు

నౌరీన్ రెండు దినాలసంది ఒక్క తప్పు ఎంబడి పడ్డది. మూడు నెలల ట్రయల్ మీద దొరికిన నౌకరి, ఆ గడువు ఇయ్యాల సాయంత్రంతోని ఖతం. అప్పటిదాంక ఆమె ప్రోగ్రాం ఒక్క పరీక్ష పాసైతే నౌకరి పక్కా, కాకుంటే ఇంటికాడ కూసునుడే. ఆఫీసేమో నాగపూర్ల. నౌరీన్ పనిచేసేదేమో సిరొంచల, అబ్బా గులాం రసూల్ జిరాక్స్ దుకాన్ల, మిషిన్ ఎనుక స్టూలు మీద.

ఊర్లల్ల ఇల్లిల్లు తిరిగి జరాలు చూసే ఆశా కార్యకర్తల కోసం ఫోన్ల నడిచే ప్రోగ్రాం అది. ఒక ఇంటికి భేటీ ఇచ్చినమని, అంటే పోయి చూసొచ్చినమని రాస్తే, పోవాల్సిన ఇండ్ల జాబితాల నుంచి ఆ ఇల్లు పోవాలె. పోతున్నదా లేదా చూడనీకె ఉత్తుత్తి మనుషులతోని పరీక్ష. ఆ ఉత్తుత్తి మనుషులను పుట్టించే చిన్న రాతను ఫ్యాక్టరీ అంటరు. 'ఒక భేటీ కావాలె' అంటే చాలు, దానికి ఏమేం కావాల్నో అన్ని అదే తయారు చేసి పెడ్తది. అడగకున్నా వడ్డించే చుట్టం లెక్క.

కని పరీక్ష నడిపినప్పుడల్లా నేహా అనే ఉత్తుత్తి పిల్ల ఇల్లు జాబితాల అట్లనే ఉంటున్నది, పరీక్ష తప్పిందని ఎర్రగీత వస్తున్నది. తప్పు ప్రోగ్రాంల ఉన్నదనుకొని, నౌరీన్ గుడ్డెద్దు చేన్ల పడ్డట్టు దాన్నంతా తిరగరాసింది. ఒకటి దిద్దితే ఇంకోటి చెడ్డది. పొద్దుగాల నాగపూర్ నుంచి ఆఫీసు పెద్ద విలాస్ సార్ ఫోన్ చేసి, ఐదింటిదాంక చూస్తనని నిమ్మళంగ చెప్పిండు.

మధ్యాహ్నం జంగుబాయి వచ్చింది. పాతగూడెం ఆశా కార్యకర్త, పదిహేనేండ్లసంది అదే పని. రిజిస్టర్ జిరాక్సుకిచ్చి, బస్సుకు ఇంకా యాల్ల ఉందని నౌరీన్ పక్కన కూసున్నది. ఆమెకు ప్రతీది తెల్వాలె. ఇదేంది, అదేంది, ఈ ఎర్రగీత ఎందుకొచ్చింది? నౌరీన్ విసుక్కోబోయింది. ఎట్లయినా పోయే నౌకరే కదా అనుకొని, ఉత్తుత్తి ఊరినంతా తెరిచి చూపింది. ఒక పిల్ల, ఒక భేటీ, రెండిండ్లు.

జంగుబాయి వేలు పెట్టి చూసింది. పిల్ల ఉండేది ఏడో నంబరు ఇల్లు. భేటీ రాసి ఉన్నది ఎనిమిదో నంబరు మీద.

"ఎనిమిదిట్ల ఎవలుంటరు బిడ్డా?"

నౌరీన్ వెతికింది. ఎవ్వలు లేరు.

"మరి ఎవ్వలు లేని ఇంటికి నేనెందుకు పోయిన?"

నౌరీన్ ఫ్యాక్టరీ రాత తెరిచి చూసింది. భేటీ కావాలంటే ఫ్యాక్టరీ ఒక పిల్లను పుట్టించింది, పిల్లకొక ఇల్లు కట్టింది. మళ్ల భేటీకి కూడ ఇల్లు కావాలె కదా అని ఇంకోటి కట్టింది. ప్రోగ్రాం పాపం ఆ రెండోదాన్ని జాబితాల నుంచి సక్కగనే తీసేస్తున్నది. సంకల పిల్లను పెట్టుకొని సంతంతా దేవులాడినట్టు అయింది ఈమె పని.

జంగుబాయికి ఇది వింతేం కాదు. దోమల మందు కొట్టెటోళ్లు ఒకసారి తలుపుకో నంబరు రాసిండ్రట. జోగయ్య ఇంటికి రెండు తలుపులు. కాగితం మీద అది రెండిండ్లయింది, రెండో ఇంటోళ్లను వెతుక్కుంట సాహెబులు ఏడాదంతా తిరిగిండ్రట.

"అందుకే నేను ఇల్లు అడగను. పిల్ల ఎవల పొయ్యి కాడ తింటదో చూస్త. పిల్ల దొరికితే ఇల్లు దొరికినట్టే" అన్నది జంగుబాయి, కాగితాలు సంచిల పెట్టుకొని లేచుకుంట.

నౌరీన్ ఫ్యాక్టరీల ఒక్క లైను మార్చింది: భేటీకి వేరే ఇల్లు కట్టొద్దు, ఆ పిల్ల ఇల్లే తీసుకోవాలె. ఇగ మిగిలింది రెండు దినాల తిరగరాత. అది తుడిచేస్తే, ఇన్నాళ్లు ఏం చేసినవని సార్ అడిగితే చూపనీకె ఏం ఉండదు. అయినా మొత్తం తుడిచి పాత ప్రోగ్రాంనే పెట్టి నడిపింది. పరీక్ష పాసయినట్టు పచ్చగీత వచ్చింది.

ఐదింటికి విలాస్ సార్, ప్రోగ్రాంల ఏం మార్చినవని అడిగిండు.

"ఏం మార్చలే సార్. ప్రోగ్రాం మంచిగనే ఉండె. నా పరీక్షనే లేని ఇంటికి పోయింది."

ఆయన, నౌకరి పక్కా, రేపటిసంది ఫ్యాక్టరీలన్ని నువ్వే చూడుమని చెప్పి పెట్టేసిండు.

ఏమైందని అబ్బా మిషిన్ ఆపి అడిగిండు. ఎనిమిదో ఇల్లు కూలగొట్టిన అబ్బా అని నౌరీన్ ఏడ్చుకుంట నవ్వింది.