బోర్డు మీద రాయని వేడి

సత్యశ్రీ టీచరుకు పాఠాన్ని పాటలా చెప్పడం అలవాటు. పిల్లలకు నోరు తిరగాలి, పరీక్షలో కలం కదలాలి, అంతే. సీసా మూతికి బెలూన్ తొడిగి, లోపల వంటసోడా, వెనిగర్ కలిపి, ముందూ తర్వాతా తూకం వేసి చూపించేది. బెలూన్ ఉబ్బినా తూకం మారేది కాదు. "చూశారా, ఏదీ మాయమవదు. ఎక్కడికో అక్కడికి వెళ్తుంది, అంతే!" అనేది. ఆమ్లాలు, క్షారాలకొస్తే ఇంకా హుషారు. "తేనెటీగ కుడితే ఏం రాస్తాం?" అని బల్ల చరిస్తే, "సున్నం!" అని తరగతంతా గోల పెట్టేది. "యాసిడ్ ఎక్కడో సున్నం అక్కడ, గొడవ అక్కడితో సరి!" ఆ మాటంటే ఆవిడకే మహా ముద్దు. వెనక బెంచీ వాళ్లకు కూడా కంఠతా వచ్చేసిందని స్టాఫ్‌రూమ్‌లో గొప్పలు పోయేది.

ఆ తరగతిలోనే చదివే నిఖిత వాళ్ల నాన్న చెయ్యి కాలేదాకా ఆ గొప్ప సాగింది.

నిఖిత తండ్రి అప్పలసూరికి పూర్ణా మార్కెట్ వెనక బ్యాటరీల కొట్టు ఉంది. ఆటోలవీ, బోట్లవీ ఛార్జింగ్ పెడతాడు. ఆదివారం మధ్యాహ్నం పాత బ్యాటరీ ఒకటి జారి, యాసిడ్ అరచేతి నుంచి మోచేతి దాకా ఒలికింది. అతను కుళాయి దగ్గరికి పరిగెత్తబోతే, క్యారేజీ తెచ్చిన కూతురు అడ్డం పడింది. పక్క కిళ్లీకొట్టులో సున్నం డబ్బా లాక్కొచ్చి, చెయ్యంతా మెత్తి, గుడ్డ చుట్టేసింది.

సోమవారం ఈ సంగతి నిఖితే క్లాసులో లేచి చెప్పింది. మొహం వెలిగిపోతోంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. యాసిడ్, సున్నం కలిస్తే పుట్టే వేడి సంగతి సత్యశ్రీకి తెలియనిదా? పరీక్షలో అడగరు గనక ఎన్నడూ బోర్డు మీద రాయలేదు. ఒంటి మీద పడితే ముందు నీళ్లు పొయ్యాలి, ధారగా చాలాసేపు పొయ్యాలి అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిల్ల సున్నం జోలికి పోయేది కాదు.

సాయంత్రం బత్తాయిలు కొనుక్కుని వాళ్లింటికి వెళ్లింది. తప్పు ఒప్పుకుందామనే వెళ్లింది. నిఖిత తల్లి పైడితల్లి గుమ్మంలోనే ఆవిడ చేతులు పట్టుకుంది.

"మీరు సెప్పిన సదువేనమ్మా ఈయన సెయ్యి నిలబెట్టింది! మా పిల్లే లేకపోతే ఏటయిపోయేదో!"

నిఖిత టీ తెచ్చిచ్చి, "నాను డిగ్రీలో కూడా కెమిస్ట్రీయే సదువుతాను మేడం" అంది. ఒప్పుకుందామని వచ్చిన మనిషి నవ్వింది, తలాడించింది, పొగడ్త పుచ్చుకుంది. ఛీ, నాదీ ఒక బతుకేనా అని లోపల్లోపల తిట్టుకుంది.

బస్టాపు దాకా అప్పలసూరి తోడొచ్చాడు. వీధి మలుపు తిరిగాక ఆవిడ ఆగింది.

"అప్పలసూరి గారూ, ఆ సున్నం..."

"తెలుసమ్మా." అతను వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. "డాక్టరు దగ్గరికి నానొక్కణ్నే ఎళ్లాను. నీళ్లు పోసుంటే పైపైన పోయేదట. సున్నం ఎట్టడంవల్ల లోపలికంటా ఉడికిపోనాదని సెప్పేసినాడు. రెండు వేళ్లు ముడుసుకోడం నేదు."

"మరి ఇంట్లో?"

"ఎవులికీ సెప్పనేదు. పిల్ల నన్ను కాపాడేసినాననుకుంటంది, అనుకోనియ్యండి. నాన్న సెయ్యి నానే కాల్చేసినానని తెలిస్తే మరి అన్నం తింటాదేటి అది? సెప్పకండమ్మా." కట్టు కట్టిన చెయ్యి రెండో చేతికి ఆనించి దండం పెట్టాడు.

స్టీల్ ప్లాంట్ వైపు వెళ్లే బస్సులో ఆ దండమే ఆవిడ కళ్ల ముందుంది. చెప్పకపోతే క్లాసు మొత్తం ఆ పాట పాడుకుంటూనే ఉంటుంది. రేపు ఇంకెవరి కన్నో, ఇంకెవరి కాలో. చెబితే ఈ పిల్ల గుండె పగులుతుంది. రెండిట్లో ఏదైనా పాపం తనదే. ఇంత చదివీ పిల్లల చప్పట్లకు ఆశపడ్డానే అని ఆవిడకు ఏడుపొచ్చింది.

మర్నాడు బోర్డు మీద ఎప్పటిలాగే రాసింది: ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు.

"పిల్లలూ, నేను మీకు తప్పు నేర్పాను. ఒంటి మీద యాసిడ్ పడితే సున్నం రాయకూడదు. నీళ్లు పొయ్యాలి. ఆ పాట మరిచిపోండి. తప్పు నాది, నా మాట విన్నవాళ్లది కాదు."

చివరి మాట నిఖిత వైపు చూడకుండా అంది. నిఖిత లేచి నిలబడింది.

"సున్నం మెత్తినప్పుడు నా సేతికి వేడి తగిలింది. ఆ రెండూ కలిస్తే వేడి పుడతాదా మేడం?"

"పుడుతుందమ్మా."

"మీరు రాయనేదు."

సత్యశ్రీ సుద్దముక్క తీసుకుని, నీరు పక్కన 'వేడి' అని రాసింది.

"ఏదీ మాయమవదన్నారు కదా. మరి ఆ వేడి ఎక్కడికెళ్లింది మేడం?"

జవాబు ఆవిడకు తెలుసు. "కూర్చోమ్మా" అంది. నిఖిత తన అరచేతిని ఓసారి తిప్పి చూసుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.